జవాబు తెలియని ప్రశ్న

తమ్ముడూ, ఆశీస్సులు.

నువ్వు పంపిన నాలుగు వ్యాసాలూ రెండేసి సార్లు చదివాను. చదువు, భక్తి, రాజకీయం, సంస్కృతి, ఒక్కొక్క దాని మీద ఒక్కొక్కటి రాశావు. భాషలో దోషాలు లేవు, చదువుకున్నవాడి నిబ్బరం ప్రతి పేరాలోనూ ఉంది. కానీ ఆరేళ్ళుగా రోజూ పిల్లల మధ్య గడుపుతున్న నీ రాతలో, నాలుగు వ్యాసాలూ కలిపి ఒకే ఒక్క పిల్లవాడు కనిపించాడు, అదీ ఒక్క వాక్యంలో. అందుకే ఈ ఉత్తరం.

దీనికి కారణం మన వృత్తిలోనే ఉందని నేను నమ్ముతున్నాను. బడిపంతులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తనకు జవాబు తెలిసిన ప్రశ్నలే అడుగుతాడు. ఏళ్ళ తరబడి అలా అడిగిన మనిషి కాగితం ముందు కూర్చుంటే ఆ అలవాటు కలంలోకి దిగుతుంది: ముగింపు ముందే సిద్ధమై ఉంటుంది, మిగిలిన పేరాలన్నీ పాఠకుణ్ణి అక్కడికి నడిపించడానికే పనికొస్తాయి. పాఠకుడు మన తరగతిలో చేతులు కట్టుకొని కూర్చున్నవాడు కాదు. మనకే తెలియని దాన్ని మనం వెతుకుతున్నామని అతనికి అనిపిస్తేనే వెంట వస్తాడు.

నీ భక్తి వ్యాసంలో పరమత సహనం గురించి చాలా రాశావు. నా అనుభవం ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఉదయం ప్రార్థనలో, ఆరో తరగతి వరుసలో ఒక అమ్మాయి పెదవులు కదపకుండా నిలబడటం గమనించాను. కుడిచేత్తో గౌను అంచును గట్టిగా పట్టుకొని ఉంది. పొగరనుకొని, అందరి ముందూ ఎందుకు పాడటం లేదని గద్దించాను. "మా ఇంట్లో ఈ పాట పాడరు సార్" అంది, తల ఎత్తకుండానే. నా దగ్గర మాట లేదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదనీ, ప్రభుత్వ గుర్తింపో సహాయమో పొందిన బడిలో పెద్దల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధకూ ఆరాధనకూ రమ్మనకూడదనీ రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుందని నాకు అప్పటికి తెలియదు. జాతీయగీతం వేళ మర్యాదగా నిలబడి, తమ విశ్వాసం వల్ల గొంతు మాత్రం కలపని ముగ్గురు పిల్లల్ని కేరళలో 1985లో బడి నుంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు ఆ చర్య చెల్లదని చెప్పిన సంగతీ తర్వాతే చదివాను. ఆ తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. మన సంప్రదాయమూ తత్త్వమూ నేర్పే సహనాన్ని పలచన చేయవద్దన్న ఆయన మాటలతో నేనొక వ్యాసం ముగించాను, ఆ తర్వాత దాన్ని చింపేశాను. నేనేం చేసి ఉండకూడదో చట్టం చెప్పింది. ఒక పసిపిల్ల మౌనం నాకెందుకంత కోపం తెప్పించిందో చట్టం చెప్పలేదు. రాయవలసింది అదే. ఆ కోపం వెనక నా భక్తి ఉందా, నా మాట చెల్లలేదన్న ఉక్రోషం ఉందా అని తేల్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

రాజకీయం గురించి ఎక్కువ చెప్పను. పార్టీల తప్పొప్పులు పత్రికల్లో రోజూ వస్తూనే ఉన్నాయి. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ పంతుళ్ళకు బోధనేతర పనులు వద్దంటూనే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులను మినహాయించింది కాబట్టి, రాజకీయం మనకు చాలా దగ్గరగానే తగులుతుంది. ఒకసారి ఎన్నికల విధిమీద వెళ్ళి మరెవరో పంతులు పాఠం చెప్పుకునే గదిలో రాత్రి పడుకున్నాను. నల్లబల్ల మీద సగంలో ఆగిన తీసివేత లెక్క అలాగే ఉంది; దాని కిందే మర్నాడు ఓటు వేసే అట్టగూడు పెట్టించాను. నీకూ అలాంటి గది ఒకటి ఉండే ఉంటుంది. అక్కణ్ణుంచి రాయి.

సంస్కృతి వ్యాసంలో గిడుగు రామమూర్తి గారిని తలుచుకున్నావు, సంతోషం. కానీ వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా మాత్రమే తలుచుకున్నావు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు, వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటల్లోనే వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడి నడిపారు. అంటే ఊళ్ళో అందరికీ పంతులైన మనిషి, సవర మాట్లాడేవాళ్ళ ముందు కూర్చొని, తనకు జవాబు తెలియని ప్రశ్నలు అడిగారన్నమాట. ఆ కూర్చోవడాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకంటే నేను ఒక పిల్లవాడి కాంపోజిషన్‌లో "పొద్దుగూకింది" అన్న మాటను ఎర్రసిరాతో కొట్టేసి, పైన "సాయంకాలమైంది" అని దిద్దినవాణ్ణి. వాడు మళ్ళీ ఎప్పుడూ తన ఇంటి మాట రాయలేదు. సంస్కృతి పోతోందని ఆ ఏడాదే ఒక సభలో మాట్లాడి వచ్చాను.

ఇంకొక్క జాగ్రత్త. పిల్లల పేర్లు, ఆనవాళ్ళు రాయకు. వాళ్ళు మనకు బదులు రాయలేరు. నువ్వే మంచివాడిగా తేలే సంఘటన ఎదురైతే దాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టి చూడు.

ఇప్పుడు ఆ ఒక్క వాక్యం సంగతి. భక్తి వ్యాసం రెండో పేజీ అడుగున, పండుగ మర్నాడు గేటు దగ్గర ఆగి, నుదుటి బొట్టు చేత్తో తుడుచుకొని లోపలికి వచ్చిన పిల్లవాణ్ణి చూశానని రాసి, వెంటనే లౌకికవాదంలోకి వెళ్ళిపోయావు. వాడెందుకు తుడుచుకున్నాడు? నీ వ్యాసంలో లేదు. అడిగి ఉంటే వాడేమన్నాడో రాయి. అడగకపోతే, అడగలేకపోయిన దగ్గరే మొదలుపెట్టు. మిగిలిన మూడు వ్యాసాలూ ప్రస్తుతానికి నా దగ్గరే ఉంచుకుంటాను. ఇది పూర్తయ్యాక, ఎన్ని నెలలు పట్టినా సరే, ముందు నాకే పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు