టెక్ సందేహాలు: సూది పోటుకి వీఆర్ కళ్లజోడు పనిచేస్తుందా?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. పాపకి 7 ఏళ్లు, తలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించడానికి శ్రీకాకుళం తీసుకెళ్తాం. నరం దొరక్క రెండు మూడు సార్లు గుచ్చుతారు, ముందు రోజు రాత్రి నుంచే ఏడుపు మొదలెట్టేస్తాది. వీఆర్ కళ్లజోడు పెడితే నొప్పి తెలీదంట కదా, మా తమ్ముడు 35 వేలు పెట్టి కొంటానంటున్నాడు. కొనమంటారా? ఆన్‌లైన్‌లో 500కి దొరికే, లోపల ఫోన్ పెట్టుకునే అట్టడబ్బా సరిపోద్దా?

జవాబు: అమ్మా, ముందు మీ తమ్ముణ్ణి ఆగమనండి. వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ, ఆ కళ్లజోడు పెట్టుకుంటే చుట్టూ వేరే లోకంలో ఉన్నట్టు కనిపిస్తుంది. అది పనిచేస్తుంది, నిజమే, కానీ ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే 35 వేలు ఇప్పుడే పెట్టక్కర్లేదని మీకే అర్థమవుతుంది.

అమెరికాలో సియాటిల్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ అని ఇద్దరు సైకాలజిస్టులు 1996 ప్రాంతంలో కాలిన గాయాల వార్డులో దీన్ని మొదలుపెట్టారు. తర్వాత ఆ రోగుల కోసమే స్నోవరల్డ్ అని ఒక ఆట తయారుచేయించారు, చుట్టూ మంచు లోయ, మంచు బొమ్మల మీదకి పెంగ్విన్ల మీదకి మంచు ఉండలు విసరాలి, అంతే. ఒళ్లు కాలిన మనిషికి మంటలు గుర్తు రాకూడదని మంచు పెట్టారన్నమాట. 2000లో వాళ్లు రాసిన పేపర్లో ఇద్దరు టీనేజ్ కుర్రాళ్లున్నారు, గాయాలకి చికిత్స జరుగుతుంటే కాసేపు మామూలు వీడియో గేమ్ ఇచ్చారు, కాసేపు వీఆర్ ఇచ్చారు, వీఆర్‌లో ఉన్నప్పుడు నొప్పి బాగా తక్కువ అనిపించిందని ఇద్దరూ చెప్పారు. 2004లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి నొప్పి తెలిసేంత వేడి కాసేపు తగిలించి మెదడు స్కాన్ తీస్తే, ఆట ఆడుతున్నప్పుడు నొప్పికి సంబంధించిన భాగాల్లో చురుకు తగ్గినట్టు కూడా కనిపించింది. అంటే పిల్లలు ఊరికే అలా చెప్పడం కాదు. మన ధ్యాసకి ఒక హద్దుంది, అందులో ఎక్కువ భాగం ఆట తినేస్తే నొప్పికి మిగిలేది తక్కువ. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందన్నది ఒక్కటే కాదు, పిల్ల అందులో ఏదో ఒకటి చేస్తూ ఉండాలి, ఊరికే చూడటం కాదు.

ఇది నేను దగ్గరుండి చూశాను. మా అన్నయ్య కూతురికి గంజి వారుస్తుంటే గిన్నె జారి కాలి మీద పడింది. విజయనగరంలో ఒక ఆసుపత్రిలో రోజు విడిచి రోజు కట్టు మార్చేవాళ్లు. పుండుకి అంటుకుపోయిన కట్టు గుడ్డని సిస్టర్ సెలైన్ పోసి తడుపుతూ మెల్లగా లాగుతుంటే పిల్ల నా చొక్కా గుండీ పట్టుకుని మెలిపెట్టేది, రెండోసారి ఆ గుండీ ఊడి దాని చేతిలోకే వచ్చేసింది. మూడోసారి నేను అట్టడబ్బా కళ్లజోడులో ఫోన్ పెట్టి సముద్రం లోపల చేపల వీడియో పెట్టాను, వార్డులో సిగ్నల్ లేదు, వీడియో మొదలవదు, ఆ గుండ్రం తిరుగుతూనే ఉంది, బయట ఇంకా పదిమంది కూర్చున్నారు కాబట్టి సిస్టర్ ఆగే పరిస్థితి లేదు, ఆ రోజు పిల్ల ఇంకా ఎక్కువ ఏడ్చింది. నాలుగోసారికి నెట్ అక్కర్లేని ఆట ముందే దింపుకుని వెళ్లా. బెలూన్ వైపు తల తిప్పి రెండు సెకన్లు చూస్తే అది పేలుతుంది, చేత్తో పనిలేదు. గుడ్డ ఆఖరి మూల లాగినప్పుడు అమ్మా అంది, అని మళ్లీ తల తిప్పి బెలూన్ల కోసం వెతికింది. కట్టు అయిపోయిందని చెప్తే "బాబాయ్ ఆగు, ఇంకా నాలుగున్నాయి" అంది. నొప్పి మొత్తం పోలేదమ్మా, కానీ భరించగలిగేంతకి వచ్చింది.

ఇప్పుడు మీ పాప సంగతి. మెటా (ఫేస్‌బుక్ కంపెనీ) వాళ్ల క్వెస్ట్ లాంటి, తలకి తగిలించుకునే పెద్ద వీఆర్ హెడ్‌సెట్లకి వయసు హద్దుంది, 2023 దాకా 13 ఏళ్లు, తర్వాత తల్లిదండ్రుల అకౌంట్ కింద 10 ఏళ్లకి తగ్గించారు. మీ పాపకి ఏడే. పైగా బరువు, చిన్న మొహం మీద జారిపోతుంది, చిన్నపిల్లలకి కళ్ల మధ్య దూరం తక్కువ, క్వెస్ట్ 2లో లెన్సుల దూరం కనీసం 58 మిల్లీమీటర్లు, అంతకన్నా దగ్గరికి రావు. ఆసుపత్రుల్లో డాక్టర్ల ముందు ఇంతకన్నా చిన్నపిల్లలకి కూడా వాడారు గానీ ఇంట్లో కొనిపెట్టుకోవడం వేరు.

కాబట్టి డబ్బాతోనే మొదలెట్టండి, అది కూడా డాక్టర్ని ఒక మాట అడిగి. కొనేముందు మీ ఫోన్లో జైరోస్కోప్, అంటే ఫోన్ ఎటు తిరిగిందో కనిపెట్టే భాగం, ఉందో లేదో చూడండి, తక్కువ రేటు ఫోన్లలో చాలావాటికి ఉండదు. యూట్యూబ్‌లో ఏదైనా 360 డిగ్రీల వీడియో పెట్టి ఫోన్ పట్టుకుని మీరు చుట్టూ తిరగండి, మీతోపాటు బొమ్మ తిరిగితే ఉన్నట్టు, వేలితో జరిపితేనే కదిలితే లేనట్టు, లేకపోతే డబ్బా కొని లాభం లేదు. ఆట చూపుతో ఆడేదే ఎంచుకోండి, సూది ఉన్న చెయ్యి కదలకూడదు కదా. రోలర్ కోస్టర్ లాంటివి వద్దు, కడుపులో తిప్పి వాంతి అవుతుంది. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి రెండు రోజుల ముందే ఇంట్లో పది నిమిషాలు ఆడించండి, సూది దగ్గరే మొదటిసారి పెడితే భయపడుతుంది. ఫిట్స్ ఉన్న పిల్లలకి మాత్రం డాక్టర్ ఒప్పుకుంటే తప్ప పెట్టొద్దు.

ఇంకో మాట, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. కళ్లకి గంతలు కట్టినట్టు కట్టేసి చెప్పకుండా గుచ్చొద్దు. ఒక్కసారి అలా చేస్తే మళ్లీ ఆ డబ్బా ముట్టదు, మిమ్మల్నీ నమ్మదు. "ఇప్పుడు సూది వస్తాది తల్లీ, నువ్వు బెలూన్లు పేల్చు" అని చెప్పి గుచ్చమనండి, సిస్టర్‌కి కూడా ముందే చెప్పి ఉంచండి. కొంతమంది పిల్లలకి సూది దిగడం కళ్లారా చూస్తేనే ధైర్యం, మీ పాప అలాంటిదైతే బలవంతం వద్దు, ఒళ్లో కూర్చోబెట్టుకుని సబ్బు బుడగలు ఊదించండి, అదీ పనిచేస్తుంది. వీటితోపాటు మత్తు క్రీమ్ గురించి డాక్టర్ని అడగండి, లిడోకెయిన్ ప్రిలోకెయిన్ కలిపింది, గుచ్చడానికి గంట ముందు రాయాలి, కాబట్టి ఏ చేతికి గుచ్చుతారో ముందే కనుక్కోవాలి. వీఆర్ ఉందని మందు మానేయకూడదు, అది మందుకి తోడు మాత్రమే.

ప్రశ్న: విజయనగరంలో పిల్లల క్లినిక్‌లో నర్సుని. మా డాక్టర్ గారు ఒక హెడ్‌సెట్ కొన్నారు, రోజుకి పదిమంది పిల్లలకి పెడుతున్నాం. ఎలా తుడవాలి?

జవాబు: సిస్టర్, మొహానికి తగిలే ఫోమ్ తీసేసి తుడిచే వీలున్న సిలికాన్ కవర్ వేయించండి, ఫోమ్ చెమట పీల్చుకుంటుంది. కవర్ని, బెల్టుని ప్రతి బిడ్డకీ మధ్య తుడిచి పూర్తిగా ఆరాకే ఇంకొకరికి పెట్టండి. లెన్సులకి మాత్రం స్పిరిట్ తగలనివ్వద్దు, పొడి మెత్తటి కళ్లజోడు గుడ్డ చాలు. కళ్లకలక, గజ్జి, తల మీద పుండు ఉన్న పిల్లలకి వద్దు. వాడనప్పుడు కిటికీ పక్కన లెన్సులు పైకి ఉండేలా పెట్టకండి, ఎండ లెన్సులోంచి దిగి లోపలి స్క్రీన్‌ని కాల్చేస్తుంది, ఆ మచ్చ ఇక పోదు.