పొద్దున లేస్తూనే అలసట... ఏం చెయ్యాలక్కా?

ప్రశ్న: అక్కా, మాది నెల్లూరు. నాలుగేళ్ళుగా బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఉంటున్నా, వయసు 31. ఎనిమిదిన్నరకి లేచి టిఫిన్ లేకుండానే క్యాబ్ ఎక్కేస్తా, రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో గంట పైనే పోతుంది, ఆఫీసుకి రాగానే కాఫీ, పన్నెండింటికి ఇంకోటి, లంచ్ అవగానే టీ, మూడింటికి కళ్ళు మూతలు పడిపోతుంటాయి కాబట్టి మళ్ళీ కాఫీ, రాత్రి ఏడింటికి అమెరికా వాళ్ళతో కాల్ ఉంటుంది అప్పుడు ఆఖరిది. ఇంటికొచ్చి తినేసరికి పది, ఫోన్ చూస్తూ చూస్తూ ఒంటిగంట. శని, ఆదివారాలు పదకొండు దాకా పడుకున్నా సోమవారానికి మళ్ళీ అదే నీరసం. మల్టీవిటమిన్ డబ్బా తెప్పించి రెండు నెలలు వాడినా తేడా లేదు. ఎనర్జీకి ఏం తినాలో చెప్పండి.
- ఓ పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: ఏం తినాలో తర్వాత చెప్తాలే చెల్లీ, ముందు ఆ ఏడింటి కాఫీ సంగతి చూద్దాం. మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అని ఒకటి పోగవుతూ ఉంటుంది, సాయంత్రానికి నిద్ర బరువుగా అనిపించేది దానివల్లే. కాఫీలో ఉండే కెఫీన్ దాన్నేమీ తీసెయ్యదు, మన ఊరి బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టు దాని సీట్లో తను కూర్చుంటుంది అంతే. అది దిగిపోగానే అప్పటిదాకా నిలబడ్డ వాళ్ళంతా ఒక్కసారి మీద పడతారు. పైగా ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదారు గంటలు పడుతుంది, అంటే ఏడింటికి తాగింది అర్ధరాత్రికి కూడా సగం ఉన్నట్టే, నువ్వేమో ఫోన్ వల్లే ఒంటిగంట అవుతోంది అనుకుంటున్నావు! నేనూ ఈ ఊరొచ్చిన కొత్తల్లో బై టూ కాఫీ అంటే సగమే కదా అని రోజుకి ఆరుసార్లు తాగేదాన్ని, ఆరు సగాలు మూడని లెక్క రాక కాదు. కాబట్టి ఆఖరి కాఫీ మధ్యాహ్నం రెండు లోపే. ఏడింటి కాల్‌కి మజ్జిగో వేడినీళ్ళో పెట్టుకో. మొదటి వారం తలనొప్పి రావచ్చు, అందుకే ఒక్కసారిగా మానకుండా రెండ్రోజులకో కప్పు తగ్గించు.

శనాదివారాల నిద్ర కూడా తేడా చేస్తోంది. వారమంతా ఎనిమిదిన్నరకి లేచి రెండ్రోజులు పదకొండుకి లేస్తే ఒంటికి వేరే దేశం వెళ్ళొచ్చినట్టుంటుంది. సెలవు రోజైనా మామూలు టైముకి గంట అటూఇటూగా లేచెయ్, తప్పదనుకుంటే మధ్యాహ్నం ఇరవై నిమిషాలు కునుకు తియ్యి, గంటలు గంటలు కాదు. పెద్దవాళ్ళకి రాత్రి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి, ఒంటిగంట నుంచి ఎనిమిదిన్నర లెక్కకి సరిపోతున్నట్టే కనిపిస్తుంది గానీ కెఫీన్ ఉన్న నిద్ర లోతుగా ఉండదు. క్యాబ్ కోసం లాబీలో కాకుండా బయట ఎండలో నిలబడు, పొద్దుటి వెలుతురు పడితే రాత్రి నిద్ర త్వరగా వస్తుంది.

ఇక తిండి. లంచ్ తర్వాత కాస్త మత్తు అందరికీ ఉండేదే, ఒంట్లో గడియారమే అలా ఉంటుంది, కానీ పొద్దుటినుంచి ఖాళీ కడుపు మీద కాఫీ పోసి ఒంటిగంటకి ప్లేటు నిండా అన్నం తింటే అది రెట్టింపవుతుంది. మీ ఏరియాలో ఆంధ్రా మెస్సులు వీధికొకటి, కందిపొడి నెయ్యి వేసి అన్నం మారు వడ్డిస్తుంటే వద్దనడం ఎవరి తరం అంటావా, నా తరం కూడా కాదు. అందుకే పొద్దున్నే ఏదోటి పడాలి. రాత్రి రాగిపిండి జావ కాచి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పొద్దున మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ కలుపుకుని గ్లాసుతో తాగెయ్యొచ్చు, ఇది రాగుల రాజ్యం, పిండి ఏ కొట్లోనైనా దొరుకుతుంది. దాంతో ఒక గుడ్డో గుప్పెడు గుగ్గిళ్ళో. అదీ కుదరకపోతే దర్శినిలో (ఇక్కడి నిలబడి తినే టిఫిన్ హోటల్) రెండిడ్లీ సాంబార్ తిన్నా మేలే. మధ్యాహ్నం అన్నం రెండు గుప్పిళ్ళు తగ్గించి పప్పు, కూర పెంచు, తిన్నాక పది నిమిషాలు క్యాంపస్‌లో నడువు.

లంచ్ అవగానే టీ మాత్రం ఆపెయ్ చెల్లీ. అందులోని టానిన్లు ఆకుకూర, పప్పులోని ఇనుముని ఒంటికి పట్టనివ్వవు, గంట గ్యాప్ ఇవ్వు. అదే పప్పులో నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, నీకు లేదని గ్యారంటీ ఏంటి? డాక్టర్‌ని అడిగి సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ బీ12, విటమిన్ డి పరీక్షలు చేయించు. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే కారణం ఆయనే చూస్తారు. ఆ మల్టీవిటమిన్ డబ్బా డబ్బులతో ఈ పరీక్షల్లో ఒకటిరెండు అయిపోయుండేవి.

ప్రశ్న: మాది అనంతపురం, రిటైర్ అయ్యాక అబ్బాయి దగ్గర యలహంకలో ఉంటున్నాం. నాకు 63. ఎనిమిదేళ్ళుగా షుగర్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నా, కంట్రోల్‌లోనే ఉంది. రోజూ చెరువు చుట్టూ నడుస్తా, శాకాహారమే. అయినా పేపర్ చదువుతూ నిద్రపోతుంటాను, అరికాళ్ళు తిమ్మిరి. రాత్రి గురక ఎక్కువని మా ఆవిడ వేరే గదిలో పడుకుంటోంది.
- ఓ పాఠకుడు, యలహంక

జవాబు: బాబాయ్‌గారూ, మీ అలవాట్లలో నాకు పెద్ద తప్పేం కనపడట్లేదు, మీకు కావలసింది కొత్త అలవాటు కాదు, రెండు పరీక్షలు. మొదటిది బీ12 రక్తపరీక్ష. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గే అవకాశముంది, శాకాహారులకి అది వచ్చేదే పాలు పెరుగు లాంటి వాటినుంచి కాబట్టి ఇంకా తక్కువుండొచ్చు, తిమ్మిరీ నీరసం రెండూ దానివల్ల అయ్యుండొచ్చు. షుగర్‌వల్లా తిమ్మిరి వస్తుంది, అది డాక్టరే తేల్చాలి. మందు మీరే ఆపెయ్యకండి.

రెండోది గురక. పిన్నిగారిని ఒక్క రాత్రి అదే గదిలో ఉండమనండి, కోప్పడ్డా సరే. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి మళ్ళీ మొదలవుతోందా అని గమనిస్తే చాలు. అలా ఉంటే స్లీప్ ఆప్నియా అనుమానించాలి, ఎనిమిది గంటలు పడుకున్నా ఒంటికి నిద్ర అందదు. స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి ఎలా ఉందో చూసే పరీక్ష) రాయమని డాక్టర్‌ని అడగండి.

ప్రశ్న: పరీక్షలు, నైట్ అవుట్లు. ఎనర్జీ డ్రింకులు రోజుకి మూడు లాగించేస్తున్నా అక్కా, పర్లేదా?
- ఓ స్టూడెంట్, కోరమంగళ

జవాబు: డబ్బా మీద చిన్నక్షరాలు చదువు తమ్ముడూ, రోజుకి 500 మి.లీ. దాటొద్దని రాసుంటుంది. మన దేశంలో వాటిలో కెఫీన్ లీటరుకి 300 మిల్లీగ్రాముల లోపే ఉండాలి, అంటే 250 మి.లీ. డబ్బాలో మహా అయితే 75. ఒక కప్పు ఫిల్టర్ కాఫీతో వచ్చేదానికి అంత రేటు పెట్టి పైన చక్కెర కూడా తాగుతున్నావన్నమాట. రాత్రి పన్నెండింటికి పుస్తకం మూసేసి ఐదింటికి కాదు, ఏడింటికి లేచి చదువుకో, గుండె దడ వస్తుంటే మాత్రం ఇవాళే ఆపి డాక్టర్‌కి చూపించు.