ముందు గదిలో పార్లర్, వెనక కాపురం: అగ్రిమెంటులో ఏం చూసుకోవాలి?

ముందు గదిలో బ్యూటీ పార్లర్ పెట్టుకుని, వెనక రెండు గదుల్లో ఉంటామన్నారు. ఓనరు నోటితో "మీ ఇష్టం, ఏమైనా చేసుకోండి" అంటూనే, 11 నెలల అగ్రిమెంటులో మాత్రం "నివాసానికి మాత్రమే" అని రాయించారని, సంతకం పెట్టొచ్చా అని అడిగారు. ఆ మాట మార్చేదాకా పెట్టకండి.

నేను అలాగే పెట్టేశాను. హనుమకొండలో కింది పోర్షన్ తీసుకుని ముందు గదిలో చీరలు అమ్ముతూ, ఫాల్, పీకో చేసేదాన్ని. ఓనరు ఆంటీ మంచావిడే, నా దగ్గర చీరలు కూడా కొనేవారు. ఎనిమిదో నెలలో కరెంటు తనిఖీకి వచ్చారు. ఇంటి మీటరు మీద వ్యాపారం నడుస్తోందని రాసుకెళ్లారు. విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అలాంటి వాడకానికి కమర్షియల్ రేటుకు రెట్టింపు వేస్తారు. ఎప్పటి నుంచో తేలకపోతే 12 నెలలకు లెక్క కడతారు. నేను దిగి ఎనిమిది నెలలేనని చూపించడానికి అగ్రిమెంటు తీస్తే, అందులో వ్యాపారం ఊసే లేదు. నోటీసు ఆవిడ పేరున వచ్చింది, డబ్బు నా అడ్వాన్సులోంచి పోయింది. ఎన్ని రాత్రులు నిద్రపట్టలేదో.

అందుకే ఏ గది పార్లరుకో, ఏవి ఉండటానికో విడిగా రాయించండి. ముందు గదికి కమర్షియల్ మీటరు ఎవరు పెట్టిస్తారు, ఇంటిపన్ను పెరిగితే ఎవరు కట్టాలి, గేటుకు బోర్డు పెట్టుకోవచ్చా, ఖాళీ చేసేటప్పుడు బేసిన్, అద్దాలు ఎవరివి అన్నవి కూడా అందులోనే ఉండాలి. రేపు ట్రేడ్ లైసెన్సుకు వెళ్లినా ఈ కాగితమే చూపించాలి.

ఖాళీ చేయడానికి గడువు కూడా చూడండి. ఏమీ రాసుకోకపోతే, నెలవారీ అద్దెకు చట్టం చెప్పేది 15 రోజుల నోటీసే. ఇల్లు వెతుక్కోవడానికే అది చాలదు, ఇక కస్టమర్లకు కొత్త అడ్రసు ఎప్పుడు అలవాటవుతుంది? ఇప్పుడున్న చోట నేను మూడు నెలలు రాయించుకున్నాను.

పార్లరుకు బాగా ఖర్చు పెడుతుంటే మూడేళ్లకు అడగండి. అంత కాలానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నోటరీ చాలంటారు, చాలదు. ఆ ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి.

మీ ఓనరు నిజంగా ఒప్పుకుంటే ఆ ఒక్క లైను మార్చడానికి వెనకాడరు. వెనకాడితే, అడ్వాన్సు ఇవ్వకముందే ఇంకో ఇల్లు చూసుకోండి.