ఓపల్ అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది? శుక్రుడి కోసమైతే ఎన్ని క్యారెట్లు కొనాలి?

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. ఎన్ని క్యారెట్లు అని అడగడం మానేయండి. ఓపల్ అంటే తిప్పితే రంగులాడే రాయి, దాన్ని బరువు చూసి కొనేవాళ్ళ వల్లే మన దగ్గర ఈ రాయి సంత చెడిపోయింది.

నాది నల్గొండలో మోటార్ వైండింగ్ షాపు. రాళ్ళు అరగదీయడం నా పిచ్చి. ఎవరో తెచ్చిచ్చి మళ్ళీ తీసుకుపోని హాఫ్ హెచ్‌పీ మోటార్ ఒకటుంటే దాన్ని తిరగ చుట్టి, డైమండ్ వీల్ బిగించి, పైన సెలైన్ సీసా వేలాడదీశాను. వీల్ మీద చుక్కచుక్కగా నీళ్ళు పడాలంటే ఆ సెలైన్ పైపును మించింది లేదు. మా ఇంటావిడ ఆ మూలకు ఐసీయూ అని పేరు పెట్టింది.

ఇక అసలు సంగతి. మా అక్కవాళ్ళది దేవరకొండ. బావకు ఎరువుల దుకాణం ఉంది. ఒక ఏడాది వ్యాపారం బాగా డల్ అయ్యేసరికి పంతులుగారికి జాతకం చూపించాడు. శుక్రుడు బలహీనంగా ఉన్నాడు, వజ్రం పెట్టాలి, అంత పెట్టలేకపోతే ఓపల్, ఐదు క్యారెట్లకు తగ్గొద్దు అన్నారట. బావ హైదరాబాద్ వెళ్ళి ఒక షాపులో వెండి ఉంగరం చేయించుకున్నాడు. వేలికి రాయి తగలాలని అడుగు ఓపెన్‌గా వదిలేశారు. పెట్టుకునే ముందు శుద్ధి చేయాలని చెబితే గురువారం రాత్రి పచ్చిపాలు, తేనె, పసుపు కలిపిన గిన్నెలో వేసి పడుకున్నాడు. శుక్రవారం పొద్దున చూస్తే రాయిలో ఒక్క రంగు లేదు. పసుపుపచ్చగా మాసిన గాజు ముక్క మిగిలింది.

బావ ఉంగరం పట్టుకుని షాపుకు పోయాడు. షాపాయన ఏమాత్రం తడుముకోలేదు. "దోషమంతా లాగేసుకుంది సార్, రాయి పని చేసినట్టే లెక్క. ఇంకోటి వేసుకోండి, పాతదానికి కొంత తగ్గిస్తా" అన్నాడట. ఆ మాటకారితనానికి దండం పెట్టొచ్చు. బావ అక్కడి నుంచి నేరుగా నా దగ్గరికొచ్చి "రాత్రికి రాత్రే సచ్చిపోయిందిరా" అన్నాడు.

రాయి చావలేదు. అది ఇథియోపియా రాయి. అక్కడి వొల్లో ప్రాంతంలో 2008లో ఓపల్ బయటపడింది. ఇప్పుడు జైపూర్‌లో కోసి దేశమంతా పంపే ఓపల్‌లో చాలా భాగం అదే. దాని గుణం నీళ్ళు తాగడం. పొడిగా ఉన్న ముక్కను నాలుకకు ఆనిస్తే కొత్త మట్టికుండ అంటుకున్నట్టు అంటుకుంటుంది. ఓపల్ లోపల కంటికి కనిపించనంత చిన్న సిలికా గోళీలు వరసలుగా పేర్చి ఉంటాయి. 1960లలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి ఈ రహస్యం పట్టుకున్నారు. ఆ వరసల మీద వెలుతురు పడి విడిపోతేనే మనకు రంగులు కనిపిస్తాయి. గోళీల మధ్య సందుల్లో నీళ్ళు నిండితే వెలుతురుకు తేడా తెలియదు, రంగులు మాయమవుతాయి. ఆరితే మళ్ళీ వస్తాయి. నీళ్ళయితే ఆరిపోతాయి. పసుపు, నూనె, పాల జిడ్డు ఎక్కడికి పోతాయి? అక్కడే కూర్చుంటాయి. ఆస్ట్రేలియా ఓపల్ మామూలుగా ఇలా పీల్చదు. పంతులుగారికి ఈ తేడా తెలియకపోవడంలో తప్పు లేదు. రోజూ అమ్మేవాడికి తెలియదంటే మాత్రం నేను నమ్మను.

ఉంగరంలో రాయి కూర్చునే గూడు విప్పి రాయిని బయటికి తీశాను. ఫిల్టర్ నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ పోయాను. తర్వాత దూదిలో చుట్టి డబ్బాలో పెట్టాను. ఎండలో, ఫ్యాన్ కింద గబగబా ఆరబెడితే పగులుతుంది, ఓపిక పట్టాలి. ఆరుతున్నప్పుడు ముందు అంచులు సుద్దలా తెల్లబడ్డాయి. బావ వచ్చి చూసి ఇంక దీని పని అయిపోయిందన్నాడు. ఆ తర్వాత ఒక మూలన ఆకుపచ్చ లేచింది. దాని పక్కన ఎరుపు చుక్క. వాలిస్తే ఎరుపు పోయి నారింజ వస్తోంది. బావ రాయిని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు, టీ చల్లారిపోయింది.

అడుగున మాత్రం పసుపు ఛాయ వదల్లేదు. అప్పుడు రాయిని పక్కకు తిప్పి చూపించాను. పైన గుమ్మటం ఉండాల్సినంతే ఉంది. కింద మాత్రం గూట్లో దాక్కుని ఇంత పొట్ట. ఆ పొట్టకు రంగు లేదు, పనీ లేదు, బరువుంది. ఐదు క్యారెట్లు కావాలని కొనేవాడు అడిగితే కోసేవాడు అడుగున వదిలేస్తాడు, అంతే. వీల్ మీద పొట్ట తీసేసి, కార్ పెయింటింగ్ వాళ్ళు వాడే వాటర్ పేపర్ 800, 1200, 2000 నంబర్లు వరసగా పట్టి, తోలు ముక్క మీద సీరియం ఆక్సైడ్‌తో మెరుగు పెట్టాను. తడిసిన రాయి మళ్ళీ గాజులా మారుతుంది కాబట్టి కొంచెం తీయడం, ఆరబెట్టడం, చూడడం, మళ్ళీ కొంచెం తీయడం. పొడిగా అరగదీస్తే త్వరగా అవుతుందని ఎవరైనా చెబితే వినకండి. ఆ దుమ్ము సిలికా. ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ రావచ్చు, వచ్చాక తగ్గే జబ్బు కాదు.

చివరికి పసుపు పోయింది, రంగు ముందుకంటే బాగా తేలింది. పక్కనున్న బంగారం షాపు కాటా మీద పెడితే మూడు క్యారెట్ల పైన చిల్లర. బావ ముఖం మాడిపోయింది. "ఐదన్నడురా ఆయన, నువ్వు మూడు జేస్తివి. ఇంక ఇదెందుకు నాకు?" ఇప్పుడది మా అక్క మెడలో లాకెట్. నిజానికి ఓపల్ ఉండాల్సిన చోటు అదే. దీని గట్టిదనం మోస్ స్కేల్ మీద 5.5 నుంచి 6.5. మన రోడ్ల దుమ్ములో ఉండే క్వార్ట్జ్ 7. రోజూ బండి నడిపేవాడి వేలి మీద ఓపల్ మెరుగు ఎన్నాళ్ళుంటుంది చెప్పండి? పైగా అడుగు ఓపెన్ ఉంగరమైతే చెమట, సబ్బు నీళ్ళు నేరుగా లోపలికే.

ఇప్పుడు అసలు, నకిలీ సంగతి. నేను ముందు చూసేది రాయి పక్క భాగం. పక్క నుంచి చూసినప్పుడు గీత గీసినట్టు తిన్నగా అతుకు కనిపిస్తే అది పొర అంటించిన డబ్లెట్. పైన గాజో క్వార్ట్జో టోపీలా ఉండి, మధ్యలో పల్చటి ఓపల్ పొర, కింద నల్ల ముక్క ఉంటే ట్రిప్లెట్. గూడు మూసేసిన ఉంగరంలో ఇదేదీ కనిపించదు, అందుకే విడి రాయి చూపించమంటాను. చూపించకపోతే లేచి వచ్చేస్తాను. ఫ్యాక్టరీలో తయారుచేసిన ఓపల్‌లో రంగు మచ్చలు మరీ పద్ధతిగా, బల్లి చర్మం మీది పొలుసుల్లా ఉంటాయి. పదింతలు పెద్దగా చూపే లూప్ ఒకటి కొనుక్కుంటే అది ఇట్టే తెలుస్తుంది. ఓపలైట్ పేరుతో అమ్మే దండలు ఉత్త గాజు. మామూలుగా నీలంగా, వెలుతురుకు అడ్డం పెడితే నారింజగా కనిపిస్తాయి, రంగు మాత్రం కదలదు. నల్ల ఓపల్ చవకగా దొరికిందంటే ఇథియోపియా రాయికి పొగ పట్టించారేమో అని నేను ముందే అనుమానపడతాను. నిఖార్సయిన నల్ల ఓపల్‌కు పేరు ఆస్ట్రేలియాలోని లైట్నింగ్ రిడ్జ్, అది చవకగా రాదు.

సర్టిఫికెట్ కార్డు ఉందిగా అంటారు. నేచురల్ ఓపల్ అని కార్డు మీద రాసి ఉంటే అది నిజమే కావచ్చు. బావ రాయికీ కార్డుంది. పొట్ట ఎంత లావో, పాలలో వేస్తే ఏమవుతుందో కార్డులో రాయరు.

ధర విషయానికొస్తే నా లెక్కలో ముందు మెరుపు, తర్వాతే రంగు. షాపులో ఆ తెల్లటి స్పాట్ లైట్ల కింద ఏ రాయైనా డాన్స్ చేస్తుంది. గుమ్మం దాకా తెచ్చి నీడలో చూడండి, అక్కడ కూడా రంగు నిలిస్తే డబ్బు పెట్టండి. నీలం, ఆకుపచ్చ ఎక్కువగా దొరుకుతాయి. ఎరుపు రావాలంటే లోపలి గోళీలు పెద్దవిగా ఉండాలి, అది తక్కువ, అందుకే ఖరీదు. అడుగు రంగు ఎంత నల్లగా ఉంటే పైన రంగు అంత తేలుతుంది. ఆస్ట్రేలియావాళ్ళు దాన్ని ఎన్1 నుంచి ఎన్9 దాకా లెక్కగడతారు, ఎన్1 కటిక నలుపు. ఇక రత్తి అనే పాత తూకంలో ధర చెప్పి క్యారెట్‌లో బిల్లు రాసేవాళ్ళుంటారు, రెండూ ఒకటి కాదు. గ్రాముల్లో తూచమనండి. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాము.

ఇంకో మాట. బీచుపల్లి దగ్గర కృష్ణలో దొరికిందంటూ కాగితంలో చుట్టుకుని నా దగ్గరికి రాళ్ళు తెచ్చేవాళ్ళున్నారు. వాటిలో చాల్సెడొనీ, జాస్పర్ అనే క్వార్ట్జ్ జాతి రాళ్ళు మంచివే ఉంటాయి. ఎగువన మహారాష్ట్రలో కృష్ణ నల్లరాతి (బసాల్ట్) నేల మీదుగా వస్తుంది కాబట్టి ఆ గులకరాళ్ళు దొరకడంలో వింత లేదు. ఆ నల్లరాతిలో రంగులాడని మామూలు ఓపల్ కూడా ఉంటుంది. మన గుట్టలు మాత్రం గ్రానైట్, వాటిలో రంగుల ఓపల్ కోసం వెతకడం దండగ. ఈ మాట చెబితే నాకే రాళ్ళు తెలియవని వెళ్ళిపోతారు.

మొదటిసారి కొనేవాళ్ళకు నేను చెప్పేది: ఉంగరం రాయి కొనకండి, జైపూర్ నుంచి ఇథియోపియా రఫ్, అంటే కోయని రాళ్ళు, చిన్న పొట్లం తెప్పించుకోండి. పొడిగా ఉన్నప్పుడు తీసిన వీడియో అడగండి, వాపస్ తీసుకుంటారో లేదో ముందే రాయించుకోండి. వచ్చాక కొన్ని వారాలు డబ్బాలో పెట్టి వదిలేయండి, పగిలేవి అప్పుడే పగులుతాయి. మిగిలినవి పట్టుకుని మా షాపుకు రండి, వీల్ ఇస్తాను. ఎండాకాలం మాత్రం వద్దు, బోరు మోటార్లు వరసపెట్టి కాలిపోయే రోజులు, ఐసీయూ దాకా వెళ్ళే దారే ఉండదు.