ఎమ్మెల్యే ముందర ఎ రాయాల్నా, యాన్ రాయాల్నా?

సందేహం: సార్, అనంతపురంలో డీఎస్సీకి ప్రిపేర్ అవుతున్నా. ఇంగ్లీషులో అచ్చుల ముందర యాన్ (an), హల్లుల ముందర ఎ (a) అని చిన్నప్పట్నుంచి బట్టీ పట్టినాం. మరి ‘యాన్ ఎమ్మెల్యే’ కరెక్టంట, ‘యాన్ యూనివర్సిటీ’ తప్పంట. పైగా సంవత్సరం గురించి ‘యాన్ ఇయర్’ అని రాస్తే మార్కు కొట్టేసినారు. ఎట్ల సార్ ఇది?

సమాధానం: మార్కు కొట్టేసినాయన కరెక్టే నాయనా, కానీ ఎందుకు కొట్టేసినాడో చెప్పుంటే బాగుండేది. ఇక్కడ అక్షరంతో పనిలేదు, నోట్లోంచి ముందుగా వచ్చే శబ్దమే లెక్క. మన ఊర్లోదే తీసుకో, ఎస్కేయూలో చదివే పిల్లోడు ‘యాన్ ఎస్కేయూ స్టూడెంట్’, అదే పేరు పూర్తిగా చెప్తే ‘ఎ శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ స్టూడెంట్’, పిల్లోడు మారలే కాలేజీ మారలే, మొదటి శబ్దం మారింది అంతే. ఫోన్‌కి వచ్చేది యాన్ ఎస్సెమ్మెస్, ఫోన్లో వేసేది ఎ సిమ్, ఎందుకంటే సిమ్‌ని ఎవరూ ఎస్-ఐ-ఎమ్ అని విడదీసి పలకరు కదా. యాన్ ఎఫ్ఐఆర్, యాన్ ఆర్టీసీ బస్సు, ఎ యూపీఎస్సీ ఎగ్జామ్, ఎ వన్ రుపీ కాయిన్, అన్నీ ఇదే లెక్క. నీ యూనివర్సిటీకీ యూపీఎస్సీకీ మొదట పలికేది య, వన్‌కి వ, రెండూ హల్లులే, అందుకే ఎ.

ఇంతవరకు ఏ గ్రామర్ బుక్కులోనైనా దొరుకుతాది. అసలు తంటా మన నోటితోనే. ఎద్దును యెద్దు అన్నట్టే ఎమ్మెల్యేని యెమ్మెల్యే అంటాం, ఎస్సైని యెస్సై అంటాం. ఆ మాటకొస్తే ‘యాన్’ అని రాసేటప్పుడే ముందర య దూర్చేసినాం, ఇంగ్లీషులో అక్కడ య యాడుంది? ఇట్లా పలికి, మన చెవినే నమ్ముకుంటే ఎమ్మెల్యే ముందర య వినపడతాది, హల్లే కదా అని ఎ పెట్టేస్తాం, తప్పయిపోతాది.

నీ ఇయర్ దగ్గర దీనికి సరిగ్గా రివర్సు. సంవత్సరం అనే ఆ మాటకి ఇంగ్లీషులో మొదట నిజంగానే య ఉంది, దాన్ని మనం మింగేస్తాం, అందుకే మన నోట్లో చెవీ ఇయరే సంవత్సరమూ ఇయరే. ఇంగ్లీషోళ్లకి చెవి యాన్, సంవత్సరం ఎ. ఉమన్, ఉడ్ కూడా ఇదే కత, వాళ్లు ముందర వ పలుకుతారు, మనం ఉ అంటాం, కాబట్టి ఎ ఉమన్. చిన్నయసూరి బాలవ్యాకరణంలో తెలుగు మాటలకు మొదట య ఉండదు, వు వూ వొ వోలు ఉండవు అని ఎప్పుడో చెప్పినాడు, ఆ అలవాటే ఇంగ్లీషు మాటల మీద కూడా పనిచేస్తాంది. మాట మొదట ఎ అనే అచ్చు వస్తే మాత్రం దాని ముందర లేని య తెచ్చి పెడతాం, మన నాలుక తీరే అంత!

హెచ్ ఇంకో పేచీ. బ్రిటన్‌లో ఎక్కువమంది దాన్ని ‘ఎయిచ్’ అంటారు, అందుకే పుస్తకాల్లో యాన్ హెచ్చార్ మేనేజర్ అని ఉంటాది. మనం హెచ్ అనే అంటాం, కాబట్టి మాటల్లో ఎ హెచ్చెమ్ అన్నా నేనైతే తప్పు పట్టను. డీఎస్సీ పేపర్లో మాత్రం యాన్ పెట్టు.