పాత రైల్వే స్టేషన్‌ను మ్యూజియంగా మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

రైళ్లు ఆగని పాత స్టేషన్‌ను స్థానిక చరిత్ర మ్యూజియంగా మార్చాలనుకుంటున్నామని, పాత వస్తువులు ఎలా సేకరించాలని అడిగారు. ఇలాంటి పనిలో నేనూ వాలంటీరుగా ఉన్నాను. నా సలహా ఏమిటంటే, వస్తువుల సంగతి కాస్త ఆపి, ముందు అక్కడ పనిచేసినవాళ్లను కలవండి.

సిగ్నళ్లను లివర్లతో నడిపే కేబిన్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనను మేం లివర్ల దగ్గరికి తీసుకెళ్లాం. ముందు ఏ లివర్ లాగాలి, పాయింట్లు (రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే కదిలే పట్టాలు) సరిగా పడకుండా సిగ్నల్ లివర్ ఎందుకు కదలదు అనేది చేత్తో చూపిస్తూ చెప్పారు. ఇలా ఒక లివర్ ఇంకోదాన్ని కదలనివ్వని ఏర్పాటునే ఇంటర్‌లాకింగ్ అంటారు. దాని గురించి బోర్డు మీద ఎంత రాసినా అంత బాగా అర్థం కాదు. అదంతా వీడియో తీసి పెట్టుకున్నాం. వస్తువులు ఇంకో ఏడాదైనా దొరుకుతాయి, వాళ్లు దొరకరు.

అట్ట టికెట్ల లాంటి చిన్నవాటిని తేలిగ్గా తీసుకోకండి. ఇంగ్లండ్‌లో స్టేషన్ మాస్టరుగా పనిచేసిన థామస్ ఎడ్మండ్‌సన్ 1830లలో తెచ్చిన పద్ధతి అది. ప్రతి టికెట్‌కూ వరుస నంబరు ఉండేది కాబట్టి ఏ ఊరికి ఎన్ని అమ్మారో రోజు చివర లెక్క తేలేది. అలాంటి లెక్కల పుస్తకాలు దొరికితే, జనం ఏ సంతకు, ఏ పనికి వెళ్లేవారో ఊహించవచ్చు. స్థానిక చరిత్ర అంటే నా దృష్టిలో అదే.

భవనాన్ని ప్రారంభించిన రోజున ఉన్నట్టే తిరిగి చేయాలనే పట్టుదల వద్దు. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌లోని లివర్‌పూల్ రోడ్ స్టేషన్ 1830లో మొదలైంది. 1844లోనే ప్రయాణికుల రైళ్లు ఆగిపోయినా, 1975 దాకా గూడ్స్‌కు వాడారు. 1983లో మ్యూజియం అక్కడికి వచ్చింది. ఆ గూడ్స్ కాలాన్ని చెరిపేస్తే కథలో ఎక్కువ భాగం పోతుంది. అరిగిన గడపలు, గోడల మీద పాత రాతలు అలాగే ఉంచండి.

రిపేర్లలో ముందు పైకప్పు, వాననీటి గొట్టాలు చూడండి. సున్నంతో కట్టిన గోడలకు సిమెంటు పూయనివ్వకండి, లోపలి తేమ బయటికి పోక ఇటుక పొరలు పొరలుగా రాలుతుంది. మేస్త్రీతో ఈ విషయంలో గట్టిగానే ఉండాలి.

స్థలం రైల్వేదే అయితే లీజు కాగితం మీదకు వచ్చేదాకా విరాళాలు అడగకండి. ఎవరైనా వస్తువు ఇస్తే అది శాశ్వతంగా ఇచ్చారా, చూపించడానికి మాత్రమే ఇచ్చారా అన్నది సంతకంతో రాయించుకుని, నంబరు వేసి రిజిస్టరులో ఎక్కించండి.