అమరావతికి నేనూ వస్తాను

బంగారు తల్లికి,

నువ్వు స్నేహితురాళ్ళతో కలిసి గుహలూ కోటలూ స్తూపాలూ చూడటానికి నాలుగు రోజులు బెజవాడ వస్తున్నావని రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆర్కిటెక్చర్ చదివే పిల్ల మన రాళ్ళు చూడటానికి వస్తోందంటే నా కడుపు నిండిపోయింది. ఆ వెంటనే టెన్షనూ పట్టుకుంది. నాలుగింటికే లేచి ఇది రాస్తున్నాను.

నీళ్ళు, టోపీ, నూలు బట్టలు నీకు చెప్పక్కర్లేదు. కొండపల్లి కోటకు పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కాక వద్దు. మొగల్రాజపురం గుహలు ఇళ్ళ మధ్యే ఉంటాయి, అరగంట చాలు. ఉండవల్లికి మాత్రం ఒక పూటంతా ఉంచుకో. బ్యారేజీ దాటి వెళ్ళాలి, ఆటో రానూపోనూ ముందే మాట్లాడుకో. ఆ నాలుగంతస్తులూ ఒకే కొండను తొలిచి చేసినవి. అనంతశయనుడి దగ్గరికి ఎండలోంచి వెళ్ళగానే ఏమీ కనపడదు. ఫోన్ లైట్ వెయ్యకు, కాసేపు నిలబడు. ముందు పాదాలు, తర్వాత మోకాళ్ళు, చివరికి తలమీద శేషుడి పడగలు ఒక్కొక్కటీ బయటపడతాయి.

అమరావతిలో కృష్ణను చూస్తే దిగాలనిపిస్తుంది. దిగొద్దు. ఇసుక తవ్విన గుంతలు పైకి కనపడవు. నీకు ఈత వచ్చని నాకు తెలుసు. అయినా నా మీద ఒట్టు.

ఇంకొకటి చెప్పాలి. మీ అమ్మక్కూడా తెలియదు.

1972లో, నేను గుంటూరులో బీఏ చదివేటప్పుడు కాలేజీ బస్సులో అమరావతి తీసుకెళ్ళారు. స్తూపం దిబ్బ పక్కన తుమ్మచెట్టు కింద అరచెయ్యంత రాయి కనపడింది. లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు, మూడు తామర రేకులు, నాలుగోది సగంలో విరిగింది. రేకు అంచు వేలికి ఇప్పుడే చెక్కినట్టు తగిలింది. ఎవరూ చూడకుండా టిఫిన్ క్యారియర్ పైగిన్నెలో పెట్టేశాను. మట్టిలో పడున్న ముక్కే కదా అనుకున్నాను. మా అమ్మ దాన్ని కడిగి ఆవకాయ జాడీ మూత మీద బరువుగా పెట్టింది. రెండేళ్ళకు ఒక రేకు మీద నూనె మరక పడింది. అది ఈనాటికీ పోలేదు.

1986లో మీ తాతయ్యతో మద్రాసు వెళ్ళినప్పుడు ఎగ్మూర్ మ్యూజియంలో అమరావతి పలకలు చూశాను. ఒక పలక అంచున అవే రేకులు వరసగా వెళ్ళి, మూలలో విరిగిపోయాయి. నా ముక్క అక్కడిదే అని చెప్పలేను. కానీ ఆ ఖాళీ చూశాక కాళ్ళు ఆడలేదు. 1797లో కంపెనీ సర్వేయర్ మెకంజీ దొర వచ్చేసరికే జనం ఆ దిబ్బను ఇళ్ళకోసం తవ్వేశారని, చలవరాతి లాంటి ఆ పలకల్ని సున్నానికి కాల్చారని చదివి ఎంత తిట్టుకున్నానో! మిగిలినవి కొన్ని మద్రాసు, కొన్ని లండన్ చేరాయి. ఒకటి మన ఇంట్లో ఆవకాయ జాడీ మీదికి చేరింది. అది నా చేత్తో జరిగింది తల్లీ.

తిరిగి ఇద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. ఏమంటారో, కేసు పెడతారేమో, మీ తాతయ్య పరువు పోతుందేమో అని భయం. ఆయన పోయి ఆరేళ్ళయింది. నాకు డెబ్బై దాటాయి.

నువ్వు ఎక్కడా ఏదీ తియ్యవు, నిన్ను నేనెరుగుదును. పక్క పిల్లలు ముచ్చటపడి గులకరాయంత ముక్క తీసినా అక్కడే పెట్టించు. మొహమాటపడకు, గట్టిగా కేకలెయ్యి.

బెజవాడలో దిగగానే ముందు గుంటూరు రా. పప్పుచారు, గోంగూర చేసి ఉంచుతాను. అమరావతికి ఇక్కడినుంచే వెళ్దాం, 35 కిలోమీటర్ల లోపే. బీరువా పై అరలో నా పాత నేతచీర ముక్కలో చుట్టి ఉంది ఆ రాయి. నాకు అందదు, నువ్వే దింపాలి. అక్కడి మ్యూజియంలో మాట్లాడేది నేను. నువ్వు పక్కన నిలబడితే చాలు.

అమ్మమ్మ